ఎర్రదిబ్బ మీది అలుగు

మొన్న బళ్ళారిలో మా ఇంటి పడమటి గది గుమ్మానికి చెదలు పట్టిందని వడ్రంగిని పిలిపిస్తే, ఆయన ద్వారబంధం అడుగున ఉలితో ఒక్క పోటు పొడిచాడో లేదో, పైకి నున్నగా రంగేసి కనిపిస్తున్న చెక్క లోపలంతా డొల్లగా తేలి, తడిమట్టి పొరలు పొరలుగా నేల మీద రాలింది. దాంతో పాటే ఒక వాసన గది నిండా పరుచుకుంది. తొలకరి వానకు లేచే మట్టివాసన కాదది. పురుగు నమిలి, తన ఎంగిలితో తడిపి, వెలుతురు తగలని చోట దాచుకున్న మట్టి వాసన. కొంచెం పుల్లగా, కొంచెం పుట్టగొడుగుల మాదిరిగా ఉంటుంది. మందు కొట్టించాలమ్మా, పక్క గది కూడా చూడాలి అంటూ వడ్రంగి ఏదో చెబుతూనే ఉన్నాడు. డెబ్బై అయిదు దాటి, మోకాళ్ళ నొప్పులతో కుర్చీలోంచి లేవడానికి గోడ పట్టుకోవలసి వచ్చే నేను, ఆ వాసనకు తొమ్మిదేళ్ళ పిల్లనైపోయి, సిరిగేరి దాపున మా చేని చివరి ఎర్రదిబ్బ మీద ఒక బొరియ ముందు బోర్లా పడుకుని ఉన్నాను.

మా వాళ్ళది కృష్ణ ఒడ్డు. తుంగభద్రకు ఆనకట్ట కట్టారు, కాలువలు తవ్వారు, బళ్ళారి వైపు ఎకరాలకు ఎకరాలు నీళ్ళు పారుతాయి, సాగు చేసేవాళ్ళే లేరు అని ఎవరో చెప్పగా, మా నాన్న అక్కడున్న కాస్త భూమీ వదులుకుని, నాయనమ్మనూ అమ్మనూ నన్నూ చంకలో తమ్ముణ్ణీ రైలెక్కించి బళ్ళారిలో దింపి, అక్కణ్ణుంచి ఒకటిన్నర రోజు ఎడ్లబండి మీద ఆ నల్లరేగడిలోకి తీసుకొచ్చాడు. మాతో పాటు వచ్చిన పది పన్నెండు కుటుంబాలూ జొన్నదంటుతో గుడిసెలు వేసుకున్నాయి. ఆ గుడిసెల గుంపును చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు 'క్యాంపు' అనేవారు. ఇప్పటికీ అక్కడి ఊళ్ళ పేర్ల చివర ఆ మాట అతుక్కునే ఉంది. మా నాయనమ్మ మాత్రం బండి దిగిన రోజునే చుట్టూ కలయజూసి, ఒక్క కొబ్బరిచెట్టయినా లేని దేశం ఇదేం దేశంరా అని మూటల మీద కూలబడింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆవిడ ఆ మూటల్లో సగం విప్పనే లేదు, ఎప్పటికైనా తిరిగి పోతామన్న ఆశతో.

కాని పిల్లలకు దేశమేదైనా ఒకటే. వర్షాకాలంలో ఆ నల్లమట్టి అరికాళ్ళకు పట్టుకుని ఒక్కో అడుగుకూ ఒక్కో పొర పెరిగి, నాలుగడుగులు వేసేసరికి కాళ్ళకు దిమ్మెలు కట్టుకున్నట్టయ్యేది. ఎండాకాలంలో అదే మట్టి చెయ్యి పట్టేంత వెడల్పున బీటలు వారితే, ఆ బీటల్లో గచ్చకాయలు వేసి ఎంత లోతుకు పోతాయో చెవి ఆనించి వినేవాళ్ళం. చలికాలం జొన్న కంకి పాలు పట్టినప్పుడు చేలగట్ల మీద మంట వేసి ఊచబియ్యం కాల్చి, అరచేతుల్లో నలిపి, పొట్టు ఊదుకుని తినేవాళ్ళం. వేళ్ళన్నీ మసి, పెదాలన్నీ తీపి. మా ఇంట్లో ఆవకాయ జాడీలూ గోంగూర పచ్చడీ ఉంటే, పక్క చేనివాళ్ళ ఇంట్లో పలకలంత వెడల్పున జొన్నరొట్టె, గురెళ్ళ గింజల కారం, చెనిక్కాయలు నూరిన ఊరుబిండి పచ్చడి ఉండేవి. ఇంట్లో అన్నం తిని, ఆ రొట్టె వాసనకు మళ్ళీ వాళ్ళ వాకిట్లో నిలబడేదాన్ని.

ఆ పక్క చేనాయనే హనుమప్ప తాత. అప్పటికే అరవై దాటిన మనిషి. నల్లగా, సన్నగా, ఎండిన తుమ్మకొమ్మలా ఉండేవాడు. భుజం మీద గొంగడి, తలకు మాసిన రుమాలు. మా ఇంటిల్లిపాదీ ఆయన్ని చూసే ఆ నేలను నేర్చుకున్నాం. రేగడి ఎప్పుడు దున్నాలి, ఎప్పుడు అడుగు పెట్టకూడదు, ఏ మబ్బు కురుస్తుంది, ఏ మబ్బు పోతుంది అన్నీ ఆయనే చెప్పేవాడు. మా నాన్న వరి మడులకోసం నేలంతా చదును చేయిస్తుంటే ఆయన గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తూ చూసేవాడు. ఎడ్లకు పలకలు కట్టి మిట్టమట్టిని పల్లానికి లాగేవారు. చేను నిండా ఉన్న పుట్టల్ని పలుగులతో పొడిచి కూలదోసేవారు. ఒక్కో పుట్ట మనిషి ఎత్తు ఉండేది. కూలినప్పుడు లోపలి గదుల్లోంచి తెల్లటి చెదపురుగులు కుప్పలుగా పొర్లుకొచ్చేవి, కాకులూ కొంగలూ దిగేవి, ఇందాక చెప్పిన ఆ వాసన సాయంత్రం దాకా గాలిలో నిలిచేది. ఒకసారి హనుమప్ప తాత, "అన్నీ తీసేస్తాండావు గదప్పా, ఆ ఎర్రదిబ్బనన్నా ఉండనీ" అన్నాడు. దాని వంతు వేసవిలో వస్తుందిలే అని మా నాన్న నవ్వేశాడు.

ఎర్రదిబ్బ మా చేనికి దక్షిణపు కొసన ఉండేది. అక్కడ రేగడి ఆగిపోయి, ఎర్రమట్టీ గుండ్రాళ్ళూ మొదలయ్యేవి. తంగేడు పొదలు, రెండు నల్లతుమ్మలు, నడుమ ఒక పెద్ద పుట్ట. మేం వచ్చిన ఏడే దీపావళి వెళ్ళిన నాలుగోనాడు నాగులచవితికి, పాలు పొయ్యడానికి మిగిలిన పుట్ట అదొక్కటే అని నాయనమ్మ మమ్మల్ని అక్కడికి నడిపించింది. చలిమిడి, చిమ్మిలి, వడపప్పు అరిటాకు దొరక్క మోదుగాకుల్లో పెట్టుకుని వెళ్ళాం. ఇక్కడివాళ్ళు ఆ పూజ శ్రావణంలోనే చేసేసుకుంటారు కనుక హనుమప్ప తాతకు మేం వింతగా కనబడి ఉండాలి. అయినా రుమాలు తీసి పక్కన నిలబడ్డాడు. పూజయ్యాక అందరూ వెనక్కి తిరిగితే, నేను చిమ్మిలి నములుతూ పుట్ట వెనక్కి వెళ్ళాను. అక్కడ నేలలోకి వాలుగా ఒక బొరియ ఉంది. దాని నోరు లోపలినుంచి మట్టితో మూసి ఉంది. మూసిన మట్టి కొత్తది, తడి ఆరలేదు. నక్క బొరియా అని అడిగితే తాత తల అడ్డంగా ఊపి, "పొద్దు కుంకేటప్పుడు రా పాపా, చూపిస్తా. ఒకదానివే రా" అన్నాడు.

ఆ సాయంత్రం తంగేడు పొద వెనక ఇద్దరం పడుకున్నాం. పడమట ఎరుపు పోయి బూడిదరంగు వచ్చే వేళకు బొరియ నోటి మట్టి కదిలింది. ముందు కోసుగా ఒక ముక్కు వచ్చింది, గాలిని అటూ ఇటూ వాసన చూసింది. ఆ తర్వాత తల, ఆ తర్వాత వీపు. వీపు వచ్చేసరికి నేను నోరు మూసుకున్నాను, అరుస్తానేమోనని. ఒంటి నిండా పొలుసులు. చేపకున్నట్టు పలచనివి కావు, ఒక్కొక్కటి నా అరచెయ్యంత ఉంది. తాటాకు కప్పు మీద ఆకు కింద ఆకు వేసినట్టు ఒకదాని కింద ఒకటి దూర్చి, మెడనుంచి తోక కొసదాకా మట్టిరంగులో మెరుస్తున్నాయి. తోక ఒంటితో సమానంగా పొడుగు, వెడల్పు. ముందుకాళ్ళకు కొడవళ్ళలాంటి గోళ్ళుంటే, వాటి వాడి పోకుండా లోపలికి ముడుచుకుని, పిడికిళ్ళ మీద నడిచినట్టు నడుస్తోంది. ఒక్కోసారి ముందుకాళ్ళు పైకెత్తి వెనక కాళ్ళ మీదే నిలబడి, తోక ఆనించుకుని, చిన్న చిన్న కళ్ళతో చీకట్లోకి చూసేది. నిజానికి ఆ కళ్ళకు అంతగా కనిపించదని, లోకమంతా దానికి ముక్కుతోనే తెలుస్తుందని తాత తర్వాత చెప్పాడు.

"అలుగు" అన్నాడు నా చెవిలో. "కన్నడమోళ్ళు చిప్పుహంది అంటారు. పేరుకే హంది, పంది గాదు ఏం గాదు. దానికి పండ్లుండవు. చెదలే దాని కూడు. ఎవరి జోలికీ పోదు."

అది పుట్ట దగ్గరికి వెళ్ళి, ఆ గోళ్ళతో రెండు లాగులు లాగింది. మా నాన్న కూలీలు పలుగుతో పది పోట్లు పొడిస్తే గాని పడని గోడ పెళ్ళలుగా ఊడింది. ఆ కంతలోకి ముక్కు పెట్టి, నాలుక చాపింది. దారంలా సన్నగా, తడిగా, మూరెడు పొడుగున ఆ నాలుక పోవడమూ రావడమూ తప్ప అరగంట సేపు ఇంకే చప్పుడూ లేదు. కడుపు నిండాక అది పుట్టను అక్కడితో వదిలేసి పోయింది. పుట్టనంతా పాడు చెయ్యదని, మళ్ళీ కట్టుకునేందుకు చెదలకు వీలు వదిలి ఇంకో పుట్టకు పోతుందని, అది ఉన్నచోట చెద చేను మీదికి రాదని తాత చెప్పాడు. ఇంటికి వస్తుంటే దారిలో ఆగి, "ఎవరికీ చెప్పొద్దు పాపా. పొలుసు కోసరం కొందరు, కూర కోసరం కొందరు. నోరు జారితే దానికి గాచారమే" అన్నాడు. చెప్పనని ఒట్టు పెట్టాను.

ఆ చలికాలమంతా నాకు ఆ రహస్యమే ఆట. క్యాంపు పిల్లలు వామనగుంటలకూ తొక్కుడుబిళ్ళకూ పిలిచినా, పొద్దు వాలేసరికి ఏదో వంక చెప్పి దిబ్బ మీదికి పోయేదాన్ని. కొన్ని సాయంత్రాలు అది వచ్చేది, కొన్ని సాయంత్రాలు వచ్చేది కాదు. ఒకసారి ఎండుకొమ్మ పుటుక్కుమంటే క్షణంలో తల పొట్టలోకి దూర్చి, తోక చుట్టూ కప్పుకుని, ఇంత గుండ్రాయి అయిపోయింది. బుసకొట్టినట్టు ఒక ఊపిరి వదిలి, ఇక అంతే, రాయే. దాని దగ్గర వేరే ఆయుధం ఏదీ లేదు. కరవలేదు, వేగంగా పరిగెత్తలేదు; తనలోకి తాను ముడుచుకోవడమొక్కటే తెలుసు. శివరాత్రి వెళ్ళాక ఒక సాయంత్రం అది బయటికి వస్తుంటే తోక మొదట్లో ఏదో అడ్డంగా పడుకుని ఉంది. పిల్ల. జానెడున్న పిల్ల, తల్లి తోకను నాలుగు కాళ్ళతో కరుచుకుని ఉంది. దాని పొలుసులు ఇంకా గట్టిపడలేదు, పసిపాప గోళ్ళలా లేత గులాబీ రంగులో ఉన్నాయి. తల్లి మెల్లగా, తోక నేలకు తగలకుండా కొంచెం ఎత్తి నడిచింది. ఆ వేళ తాత నా పక్కనే ఉన్నాడు. "ఏడాదికి ఒకటే" అన్నాడు. ఆ గొంతులో ఎంత గౌరవమో.

ఉగాదికి ముందు మా తమ్ముడు గోపికి కోరింత దగ్గు పట్టుకుంది. వాడికప్పుడు మూడేళ్ళు. మొదట మామూలు దగ్గనుకుని అల్లంరసం, తులసాకు, తమలపాకు మీద వేడి నూనె, ఇంట్లో తెలిసినవన్నీ చేశారు. పదిరోజులయ్యేసరికి దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. ఒక తెర మొదలైతే ఊపిరి తీసుకోవడానికి సందుండేది కాదు, మొహం ఎర్రబడి, ఆనక నీలమై, చివరికి గొంతులోంచి కూతలాంటి శబ్దంతో గాలి లోపలికి పోయేది. ఆ కూత వినబడితే అమ్మ ఊపిరి పీల్చుకునేది. తిన్నదంతా కక్కేసేవాడు. పండగనాడు బొబ్బట్లు కాల్చినా ఎవరం సరిగా తినలేదు. క్యాంపులో అప్పటికే ఇద్దరు పిల్లలు అదే దగ్గుతో పోయారు. సిరుగుప్ప సంతలో మూలికలమ్మే ఆయన నాయనమ్మకు ఒక మాట చెప్పాడు. అలుగు పొలుసు నల్లదారంతో మెడలో కడితే కోరింత దగ్గు దిగుతుందని, ప్రస్తుతం తన దగ్గర లేదని. అప్పటినుంచి నాయనమ్మ కనబడిన వాళ్ళందరినీ అలుగు పొలుసు ఉందా అని అడగడం మొదలుపెట్టింది. హనుమప్ప తాతనూ అడిగింది. ఆయన లేదమ్మా అని నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

నేను మూడు రోజులు ఓర్చుకున్నాను. మూడోనాటి మధ్యాహ్నం గోపి దగ్గుతూ దగ్గుతూ నాయనమ్మ ఒళ్ళోనే వాలిపోయాడు. కూత రాలేదు. అమ్మ వాణ్ణి తలకిందులు చేసి వీపు మీద చరిచింది. ఎంతసేపో తెలియదు, నాకు మాత్రం చాలా సేపనిపించింది, అప్పుడు వచ్చింది కూత. నాయనమ్మ గోడకానుకుని, "ఒక్క పొలుసు, ఒక్క పొలుసు దొరికితే నా మనవడు దక్కును" అని ఏడుస్తుంటే, నేను వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని, "నాకు తెలుసు నాయనమ్మా, అది ఎక్కడుంటుందో" అన్నాను. ఆ మాట నా నోటినుంచి వస్తుంటే నాకు భయం వెయ్యలేదు. తేలికగా అనిపించింది. నిజం చెప్పాలంటే, అందరూ ఒక్కసారిగా నా వైపు తిరిగినప్పుడు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఇన్నేళ్ళయినా నన్ను బాధపెట్టేది ఆ గర్వమే.

మా నాన్నకు ఆ మందు మీద నమ్మకం లేదు. తల్లి మాట కాదనలేక, "ఒక పొలుసేగా, లాగి వదిలేద్దాం" అంటూ ఇద్దరు కూలీలతో బయల్దేరాడు. నేను దారి చూపించాను. గోపిని చంకనేసుకుని నాయనమ్మ కూడా వచ్చింది. బొరియ లోతు చాలా ఉంది. మట్టి తవ్వేకొద్దీ లోపల అది ఇంకా లోపలికి తవ్వుకుంటూ పోయింది. దాని గోళ్ళ చప్పుడు మాకు పైకి వినిపించింది. చివరికి బండరాయి అడ్డం వచ్చి ఆగిపోయింది. కూలీలు తోక పట్టి లాగి ఎండలో పడేశారు. పడుతూనే చుట్టుకుంది. ఇద్దరు మగవాళ్ళు కాళ్ళతో తొక్కిపట్టి, చేతులతో విప్పబోయినా ఆ చుట్ట ఒక్క వేలి సందు కూడా విడలేదు. మా నాన్న ఒక పొలుసు పట్టుకుని లాగాడు. రాలేదు. కత్తి మొన దూర్చాడు. నెత్తురు వచ్చింది గాని పొలుసు రాలేదు. లోపలినుంచి బుసలాంటి ఆ ఊపిరి వినబడింది.

"చంపితే గాని రాదన్నా" అన్నాడు ఒక కూలీ.

నాన్న కత్తి కింద పడేశాడు. "వద్దు, వదిలెయ్యండి" అని వెనక్కి తిరిగాడు. సరిగ్గా అప్పుడే గోపికి తెర మొదలైంది. ఆ ఎండలో, నాయనమ్మ భుజం మీద, వాడి మొహం నీలమవుతుంటే నాన్న ఒక్క క్షణం వాణ్ణి చూశాడు, పలుగు అందుకున్నాడు. చీమను కూడా తొక్కని మనిషి మా నాన్న. ఎద్దు మొరాయిస్తే ములుగర్ర పక్కన పెట్టి చేత్తో నిమిరి నడిపించే మనిషి. నేను కళ్ళు మూసుకున్నాను. మూడు దెబ్బలు విన్నాను. కళ్ళు తెరిచేసరికి ఆ చుట్ట మెల్లగా, దానంతటదే, నిద్రలో చెయ్యి జారినట్టు విచ్చుకుంటోంది. దాని పొట్టకు ఆనుకుని, ఇంకా పాలు వదలకుండా, పిల్ల ఉంది.

హనుమప్ప తాత అంత దూరంనుంచి గట్ల మీద పడుతూ లేస్తూ రావడం కనిపించింది. వచ్చి, చూసి, రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"పాలిచ్చే తల్లప్పా" అన్నాడు నాన్నతో.

"ఏం చెయ్యమంటావయ్యా, పిల్లవాడు నీలుక్కుపోతుంటే" అంది నాయనమ్మ.

"ఆ పొలుసు ఏందనుకున్యావమ్మా? మన గోరు ఏందో అదే. గోరు కడితే దగ్గు పోతాదా? బిడ్డను పొద్దున్నే బళ్ళారి పెద్దాసుపత్రికి తోల్కపోండి. నా బండి కడ్తా."

కోపంగా అనలేదు. ఆ తర్వాత వంగి, పిల్లను తల్లినుంచి ఒక్కొక్క కాలే విడదీసి, రుమాల్లో చుట్టుకుని వెళ్ళిపోయాడు. నా వైపు ఈసారి కూడా చూడలేదు. కూలీలు కూర పంచుకున్నారు. నాయనమ్మ ఒక పొలుసు గోపి మెడలో కట్టి, మరి నాలుగు పసుపు డబ్బాలో దాచింది. నాన్న కాలువకు పోయి, చీకటి పడేదాకా ఇంటికి రాలేదు.

తెల్లారి హనుమప్ప తాత బండిని కూలీ ఒకడు తోలగా అమ్మా నాన్నా గోపిని బళ్ళారి తీసుకెళ్ళారు. ఆసుపత్రిలో ఇరవై రోజులు ఉన్నారు. ఇంట్లో నేనూ నాయనమ్మా మిగిలాం. రెండు రోజులు తాత ఇంటివైపు పోవడానికి నాకు కాళ్ళు రాలేదు. మూడోనాడు ఆయనే మా గడప ముందు నిలబడి, "దానికి చెదలు గావాల పాపా, నా నడుము వంగేటట్లు లేదు" అన్నాడు. అంతే, వెంట నడిచాను.

పిల్లను ఆయన ఒక వెదురుబుట్టలో గొంగడి ముక్క మీద పెట్టాడు. మేకపాలలో గుడ్డవత్తి ముంచి నోటి దగ్గర పెడితే, ముందు రెండు రోజులు వద్దని తల తిప్పుకుందట, ఆ తర్వాత ఆ దారపు నాలుకతో నాకడం మొదలుపెట్టింది. చెదలు పట్టే విద్య తాతే నేర్పాడు. పాత కుండలో తడిపిన గడ్డీ పేడా కూరి, పుట్ట నేలలో సాయంత్రం బోర్లించి వచ్చి, పొద్దున ఎండ రాకముందు ఎత్తితే కుండ నిండా తెల్లగా చెద పట్టి ఉండేది. రోజూ తెల్లవారకముందే లేచి ఆరు కుండలు మోసేదాన్ని. చేతులు కుట్టించుకుని దద్దుర్లు ఎక్కినా నాయనమ్మకు చూపించలేదు. పిల్ల ఎండుగడ్డి మీద చెదల్ని వాసన చూసి, తుమ్మి, ఒక్కొక్కటే నాకేది. నిద్ర వస్తే తాత మణికట్టును తల్లి తోకనుకుని నాలుగు కాళ్ళతో చుట్టుకునేది. అది లేచేదాకా ఆయన బీడీ కూడా ముట్టించకుండా అలాగే కూర్చునేవాడు. నేను చెయ్యి చాపితే మాత్రం ముడుచుకుపోయేది. బహుశా నా చేతి వాసన దానికి గుర్తుందేమో అనుకునేదాన్ని, అలా ఉండదని తెలిసి కూడా.

గోపి దగ్గు తగ్గి, గుంటలు పడిన కళ్ళతో ఇంటికి వచ్చాడు. డాక్టరు ఇచ్చిన సూదులూ సీసాలూ అమ్మ చెబుతూనే ఉంది. నాయనమ్మ వాడి మెడలో పొలుసును తడిమి, చూశారా అంది. నాన్న ఆ పూట అన్నం ముందునుంచి లేచిపోయాడు.

వైశాఖంలో రెండు మంచి వానలు పడ్డాక, ఇంక ఉంచుకుంటే మనిషి వాసనకు మరిగిపోతుందని, తాత పిల్లను బుట్టతో బండిలో పెట్టుకున్నాడు. ఆయన కూతుర్ని కెంచనగుడ్డలో ఇచ్చారు. ఏటి ఒడ్డున గుండ్ల సందుల్లో పుట్టలున్నాయి, పలుగు దించే వీల్లేని చోటు అన్నాడు. నేనూ వస్తానంటే నాన్నే పంపించాడు. తెల్లవారి బయల్దేరితే మధ్యాహ్నం ఎప్పటికో తుంగభద్ర మీదినుంచి చల్లగాలి తగిలింది. ఏరు కనబడ్డాక ఇంక ఆగలేక చెప్పాను.

"తాతా, నేనే చెప్పాను. ఆ చోటు."

"తెలుసు పాపా" అన్నాడు ఎడ్ల మీదినుంచి చూపు తిప్పకుండా. కొంత దూరం పోయాక, "నా బిడ్డ అట్లుంటే నేనైనా చెప్పింటి" అన్నాడు. ఆయన నన్ను తిట్టి ఉంటే ఆ రోజుతో ఆ సంగతి మరిచిపోయేదాన్నేమో.

పొద్దు కుంకుతుండగా గుండ్ల మధ్య బుట్ట వంచాడు. పిల్ల కొంతసేపు చుట్టుకునే ఉంది. ఆ తర్వాత ముక్కు బయటపెట్టి, ఏటి గాలిని వాసన చూసి, పిడికిళ్ళ మీద నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి తాత కాలిని పట్టుకుంది. ఆయన వంగి విడదీశాడు. మళ్ళీ వచ్చింది. మళ్ళీ విడదీశాడు. మూడోసారి అది రాతి సందులోకి పోయింది. బతికిందో లేదో మాకు తెలియదు. తల్లి లేని పిల్ల, అంత చిన్నది. తాత దాని సంగతి ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు, నేను అడగలేదు.

ఆ వేసవిలో ఎర్రదిబ్బ చదును కాలేదు, ఆ మరుసటి వేసవిలోనూ కాలేదు. చేనంతా పచ్చగా వరి ఊగుతుంటే ఆ కొసన మాత్రం తంగేడు పొదలు అలాగే పూసేవి. రెండు మడులు పోతున్నాయని నాయనమ్మ పోరినా, క్యాంపు వాళ్ళు నవ్వినా, నాన్న బతికున్నన్నాళ్ళూ అక్కడ పలుగు పెట్టనివ్వలేదు. ఎందుకని ఎవరికీ చెప్పలేదు. నాతో కూడా ఎప్పుడూ ఆ మాట రాలేదు; ఇద్దరం ఒకే చోట నిలబడి చూసినవాళ్ళం, మాకు మాట్లాడుకోవలసింది లేదు. హనుమప్ప తాత నా పెళ్ళికి రెండేళ్ళ ముందు పోయాడు. నేను బళ్ళారి కోడలినయ్యాను. నాన్న పోయిన ఏడాదికి గోపి ట్రాక్టరు కొన్నాడు, వారం రోజుల్లో దిబ్బ నేలకు సమమైంది. వాడి తప్పేమీ లేదు. వాడికి ఏదీ గుర్తు లేదు, ఎవరూ చెప్పలేదు, చెప్పవలసినదాన్ని నేనే.

పోయిన సంక్రాంతి వెళ్ళాక గోపిని చూడ్డానికి వెళ్ళాను. వాడిప్పుడు తాతయ్యాడు, గట్ల మీద మోటారుసైకిలు మీద తిరుగుతాడు. వాడి మనవడు ఎనిమిదేళ్ళవాడు, అక్కడి మాట బాగా పట్టుబడినవాడు, నన్ను చెయ్యి పట్టుకుని చేను చూపించడానికి తీసుకెళ్ళాడు. దక్షిణపు కొసకు వచ్చాక, ఇక్కడ మా చిన్నప్పుడు అలుగు ఉండేదిరా అన్నాను. వాడు చుట్టూ చూసి, "అలుగు చెరువుకుంటాది గదవ్వా, నీళ్ళు పొర్లేదానికి. ఈడ చెరువు యాడుండాది?" అన్నాడు. వాడికి ఆ మాటకు ఆ ఒక్క అర్థమే మిగిలింది. ఆ అలుగు కాదురా అని గట్టు మీద కూర్చుని, దాని నడక, దాని నాలుక, తోక మీద పిల్ల, అన్నీ చెప్పాను. ఈసారి పలుగు సంగతి కూడా చెప్పాను, చోటు చూపించింది ఎవరో కూడా చెప్పాను. అంతా విని వాడు, "ఇంగొకటి యాడన్నా ఉంటాదా అవ్వా?" అని అడిగాడు. నేను తలెత్తి చూశాను. కాలువ గట్టు దాకా, ఆ గట్టు దాటి కనుచూపు మేరా, నీళ్ళు నిలబెట్టిన మడులు పలకల్లా చదునుగా ఉన్నాయి. ఎక్కడా పిడికెడు ఎత్తు మట్టి లేదు.